పాలు పొంగిపోతే ఏడుపొచ్చింది. మనశ్శాంతి మీకెక్కడ దొరుకుతోంది?

గుంటూరు_టీచరమ్మ

మొన్న మంగళవారం పొద్దున్న పాలు స్టవ్ మీద పెట్టి, పక్కనే మావాడి క్యారేజీ సర్దుతున్నాను. ఒక్క క్షణం అటు తిరిగానంతే, పాలు పొంగి స్టవ్వంతా అయ్యాయి. అరలీటరు పాలు! దానికి నేను వంటగట్టు పట్టుకుని పది నిమిషాలు వెక్కి వెక్కి ఏడ్చాను. మావారు హడలిపోయి పరుగెత్తుకొచ్చారు, ఊర్లో ఎవరికైనా ఏమైనా అయిందా అని. ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకేడ్చానో నాకే తెలియలేదు.

నాకు 44 ఏళ్లు. గవర్నమెంటు స్కూల్లో టీచర్ని. సొంతిల్లు, లోను ఇంకో ఆరేళ్లుంది. బాబు ఇంటర్ సెకండియర్, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) టెన్షన్. అత్తగారు మాతోనే ఉంటారు, మంచావిడ. ఫలానా కష్టమని చెప్పుకోవడానికి ఏమీ లేదు. అయినా ఐదింటికి లేచిన దగ్గర్నుంచి రాత్రి పదకొండింటికి నడుం వాల్చేదాకా గుండెల మీద ఏదో బరువు. పడుకుంటే నిద్ర రాదు. గ్యాస్ కట్టేశానా, గేటుకి తాళం వేశానా, బాబు ఫీజు రసీదు ఎక్కడ పెట్టాను, ఇవే తిరుగుతుంటాయి. గుడికెళ్తే ప్రదక్షిణ మధ్యలో ఇంట్లో కూరగాయలు లేవని గుర్తొస్తుంది.

పుస్తకాల్లో మాటలొద్దు. మీ రోజులో మీకు నిజంగా హాయిగా ఉండే సమయమేది? దాన్ని ఎలా సంపాదించుకున్నారు?

లెక్కలమాస్టారు

పాలు పొంగితే శుభం తల్లీ. గృహప్రవేశానికి పనిగట్టుకుని పొంగిస్తాం కదా.

డాబా_తోట

మాస్టారి మాటకి నవ్వొచ్చింది గానీ, టీచరమ్మ గారూ, ఆ ఏడుపు నాకు బాగా తెలుసు. నాకు చెప్పు తెగితే వచ్చింది.

నా సమయం సాయంత్రం నాలుగున్నర. డాబా మీద పద్నాలుగు కుండీలున్నాయి. ఎండాకాలంలో మల్లెమొగ్గలు ఆ వేళకే కోయాలి, పొద్దు గూకితే విచ్చుకుంటాయి. రేపటి మొగ్గకీ ఇవాళ్టి మొగ్గకీ తేడా కొంచెమే. ఇవాళ విచ్చేది తెల్లగా ఉబ్బి ఉంటుంది, రేపటిదానికి మొదట్లో ఇంకా పచ్చదనం ఉంటుంది. అది చూసి కోయాలంటే ఇంకేదీ ఆలోచించలేం. ఇరవై నిమిషాలు. కిందికి దిగేసరికి ఇంట్లో సమస్యలు అలాగే ఉంటాయి, నేను మాత్రం కాస్త వేరే మనిషిని.

నాలుగింటి_గంట

ఒకసారి విపశ్యన ధ్యానం నేర్పే పది రోజుల శిబిరానికి వెళ్లి చూడండి. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త కేంద్రం ఉంది. ఫీజు లేదు. పూర్తి చేసినవాళ్లు ఇష్టమైతే విరాళం ఇస్తారు, అంతే. తెల్లవారి నాలుగింటికి గంట కొడతారు. రోజుకి పది గంటల పైనే కూర్చోవాలి. ఫోను తీసేసుకుంటారు, ఎవరితోనూ మాట్లాడకూడదు. మొదటి మూడు రోజులు చేసేదల్లా ముక్కు దగ్గర వచ్చే పోయే శ్వాసను గమనించడమే.

రెండో రోజు పారిపోదామనిపించింది. మోకాళ్లు, నడుము ఒకటే నొప్పి. ఆరో రోజు కూర్చుని ఉండగా, పదేళ్ల కింద మా నాన్నతో అన్న ఒక మాట గుర్తొచ్చింది. అప్పుడు నా ఛాతీ ఎలా బిగుసుకుందో, కాసేపటికి ఎలా వదిలిందో కళ్లారా చూసినట్టు తెలిసింది. అప్పట్నుంచి నాకు కోపం రావడం మానలేదు, కానీ వస్తున్నప్పుడు తెలుస్తోంది.

డల్లాస్_కోడలు

పది రోజులు ఇల్లొదిలి ఎలా వెళ్తుందండీ ఆవిడ? బాబుకి పరీక్షలు, అత్తగారు, స్కూలు. మీరు వెళ్లినప్పుడు మీ ఇంట్లో వంట ఎవరు చేశారు?

నాలుగింటి_గంట

మా ఆవిడే చేసింది. మీరడిగింది న్యాయమే. తర్వాతి ఏడాది తను వెళ్లింది, నేను పిల్లల్ని చూసుకున్నాను. అప్పుడర్థమైంది ఇంట్లో పది రోజులంటే ఏమిటో.

మిరప_రైతు

అందరూ మంచిగ చెప్తున్నరు. నేను కొంచెం వేరే మాట చెప్తా, ఏమనుకోవద్దు. మాది వరంగల్ దగ్గర, మూడెకరాల మిర్చి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూత మొత్తం పోయింది. మందు కొట్టిన కొద్దీ ఎక్కువైంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన పైసలు అవి. రాత్రిపూట ఇంట్ల అందరూ పండుకున్నంక లెక్క వేసుకుంటూ కూర్చునేది. అప్పుడు ఒక దోస్తు శ్వాస మీద ధ్యాస పెట్టమని చెప్పిండు. కళ్లు మూసుకుంటే వడ్డీలెక్కే కనపడుతది అన్నా. అప్పున్నోనికి ముందు అప్పు తీరే తొవ్వ దొరకాలె. శాంతి మనసులనే ఉంటదంటే నేను ఒప్పుకోను. సగం జేబుల ఉంటది.

కిరాణా_కొట్టు

రైతన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. నాదీ అదే కథ, కాకపోతే నాది కొట్టు.

ఐదుగురి దగ్గర అప్పు. ఎవరికెంతో తలలోనే పెట్టుకునేవాణ్ణి, కాగితం మీద పెట్టాలంటే భయం. ఫోన్ మోగితే కడుపులో దేవేది. ఒకరోజు పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి అన్నీ రాశాను. 11 లక్షల 40 వేలు. నా తలలో అది 15 లక్షల పైనే ఉండేది! ఆ కాగితం మా ఆవిడ చేతిలో పెట్టాను. తను ఒక్క మాట అనలేదు. మర్నాడు నగలు తీసుకెళ్లి బ్యాంకులో పెట్టి, రెండు రూపాయల వడ్డీవి రెండు బాకీలు మూసేశాం. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో అందులో సగం కూడా పడలేదు.

అప్పు పూర్తిగా తీరడానికి ఇంకా టైముంది. కానీ నిద్ర మాత్రం ఆ కాగితం రాసిన రాత్రే పట్టింది.

మిరప_రైతు

నేను మా ఇంటామెకు ఇప్పటిదాంక సగమే చెప్పిన.

కిరాణా_కొట్టు

ఆ మిగతా సగం ఇవాళే చెప్పు తమ్ముడూ.

చిక్కడపల్లి_చదువరి

గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా, మూడో ఏడు. పొద్దున్న లైబ్రరీ తెరవకముందే గేటు దగ్గర సీటు కోసం లైన్లో నిలబడతాం. నాకు హాయిగా ఉండేది మధ్యాహ్నం చెట్టు కింద టిఫిన్ డబ్బా తెరిచినప్పుడు. నలుగురం నాలుగు జిల్లాల వాళ్లం, కూరలు పంచుకుంటాం. ఆ అరగంట సిలబస్ మాట ఎత్తకూడదని రూలు పెట్టుకున్నాం. ఎత్తినవాడు ఆ రోజు అందరికీ టీ ఇప్పించాలి.

లెక్కలమాస్టారు

ఇప్పటిదాకా ఎక్కువ టీలు ఎవరు ఇప్పించారు బాబూ?

చిక్కడపల్లి_చదువరి

సిరిసిల్ల తమ్ముడు సార్. జాబు రాకముందే సగం జీతం టీలకే పోయేలా ఉంది వాడికి.

గోదారి_గట్టు

అమ్మా, నేను రాజమండ్రిలో ఉంటాను. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. 2019లో మా ఇంటావిడ పోయింది. పిల్లలు బెంగుళూరులో, వచ్చి ఉండమంటారు. వెళ్లాను ఒక నెల. పన్నెండో అంతస్తు. కిటికీలోంచి చూస్తే ఇంకో పన్నెండు అంతస్తులు. తిరిగొచ్చేశాను.

తను పోయాక ఏడాదిపాటు పొద్దున్న లేచి రెండు గ్లాసుల టీ పెట్టేసేవాణ్ణి. చేతికి అలవాటైపోయింది. రెండో గ్లాసు చూడగానే ఆ రోజంతా పాడయ్యేది. ఒక్క గ్లాసు నీళ్లే కొలిచి పొయ్యడం నేర్చుకోవడానికి నాకు అంత కాలం పట్టింది.

సాయంత్రం ఐదున్నరకి పుష్కరాల రేవుకి వెళ్తాను. మెట్ల మీద కూర్చుంటే పాత హేవలాక్ బ్రిడ్జి కనపడుతుంది. దాని మీద 1997లో రైళ్లు ఆపేశారు. నేను పెళ్లి చేసుకుని తనని తీసుకొచ్చింది దాని మీది రైల్లోనే. చక్రాల చప్పుడు మారిందంటే గోదారి వచ్చిందని లెక్క, తను చిల్లర తీసి నీళ్లలో వేసి దణ్ణం పెట్టింది. ఇప్పుడు పక్క వంతెన మీద బళ్లు పోతుంటే ఇంకా ఎవరో ఒకరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పైసలు వేస్తుంటారు. చూస్తుంటాను.

రెండు మెట్లు కింద ఇంకొకాయన కూర్చుంటాడు. మూడేళ్లుగా. పేరు తెలిసింది రెండో ఏడు. పెద్దగా మాట్లాడుకోం, హారతి అయ్యాక కలిసి లేస్తాం. మొన్న జ్వరమొచ్చి నాలుగు రోజులు వెళ్లలేదు. ఐదో రోజు ఆయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు, చేతిలో బత్తాయిలు. 2027 పుష్కరాలకి రేవులో జనం పట్టరు, మనిద్దరం ఎక్కడ కూర్చోవాలి అని ఇప్పట్నుంచే ఆయనకి దిగులు.

మనశ్శాంతి అంటే ఇదో కాదో నాకు తెలియదమ్మా. రేవుకి వెళ్లిన రోజు నిద్ర పడుతుంది.

డల్లాస్_కోడలు

బాబాయ్ గారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా నాన్న కూడా ఒక్కరే ఉంటున్నారు. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే ఆయనకి పొద్దున్న. గిన్నెలు సర్దుకుంటూ ఫోన్ చేస్తాను, రెండు నిమిషాలు. ఈసారి ఏ పనీ పెట్టుకోకుండా కూర్చుని చేస్తాను.

సైకిల్_చక్రం

సంతోషం గురించి అమెరికాలో హార్వర్డ్ వాళ్లు 1938లో మొదలుపెట్టిన పరిశీలన ఇంకా నడుస్తోంది. 724 మంది కుర్రాళ్లని తీసుకుని, వాళ్ల జీవితాంతం వెంట ఉండి చూశారు. మనిషిని ముసలితనం దాకా బాగా ఉంచేది మంచి బంధాలేనని వాళ్లకి గట్టిగా తేలింది. బాబాయ్ గారి బత్తాయిల కథలో ఉన్నది అదే.

మిరప_రైతు

బంధాలు మంచియే అన్నా. మా దగ్గర అప్పు ఇచ్చినోళ్లు కూడా బంధువులే.

చుక్కలముగ్గు

మా అమ్మ పొద్దున్నే కళ్లాపి చల్లి ముగ్గు వేసేది. చిన్నప్పుడు నాకది పనిలా కనపడేది. పెళ్లయి ఫ్లాటులోకి వచ్చాక గడప ముందు రెండడుగుల జాగా, స్టిక్కర్ ముగ్గు అంటించేశాను. లాక్‌డౌన్‌లో అది పీకేసి మళ్లీ పిండి పట్టుకున్నాను.

చుక్కల ముగ్గు వేస్తుంటే మనసు ఇంకోచోటికి పోవడానికి వీల్లేదు. పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు సందు చుక్క. ఒక్క చుక్క తప్పితే చివర్లో మెలిక కలవదు, మొత్తం చెరపాలి. వేళ్ల మధ్య పిండి సన్నగా జారుతుంటే గీత తెగకుండా చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి కలవాలి. కలిసినప్పుడు ఉంటుందీ, అది చెప్పలేను. మధ్యాహ్నానికి పిల్లలు తొక్కేస్తారు. పర్వాలేదు, రేపు ఇంకోటి.

నర్సక్క

టీచరమ్మ గారూ, అందరూ చెప్పినవి బాగున్నాయి, చెయ్యండి. కానీ నేను ఆస్పత్రిలో 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను, మీ పోస్టు చదివితే నాకు వేరే అనుమానం వచ్చింది. 44 ఏళ్లు, కారణం లేకుండా ఏడుపు, నిద్ర లేకపోవడం, రోజంతా బరువు. ముందు రక్తపరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12. థైరాయిడ్ తక్కువగా ఉంటే మనసు కుంగినట్టే ఉంటుంది. నెలసరి ఆగిపోవడానికి ముందు కొన్నేళ్లు కూడా నిద్ర చెడుతుంది, చిన్నదానికే ఏడుపొస్తుంది. మన ఆడవాళ్లు ఇంట్లో అందరికీ పరీక్షలు చేయిస్తారు, తమ దాకా వచ్చేసరికి వచ్చే నెల అంటారు.

అవన్నీ బాగుండి, రెండు వారాలు దాటినా ఈ బరువు వదలకపోతే మానసిక వైద్యుల్ని కలవండి. వెళ్లడానికి మొహమాటమైతే మనసు బాధ ఫోన్లో చెప్పుకోవడానికి టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ప్రభుత్వానిదే, 2022లో పెట్టారు, డబ్బు కట్టక్కర్లేదు. ఏ వేళప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మిరప_రైతు తమ్ముడూ, ఆ నంబరు నువ్వూ రాసిపెట్టుకో.

లెక్కలమాస్టారు

నర్సమ్మా, ప్రతి దిగులుకీ డాక్టరంటే ఎలాగమ్మా? మన అమ్మమ్మలు పది మందిని కన్నారు, పొలాలు చేశారు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లారు? భక్తో, పనో పట్టుకుని గట్టెక్కారు.

నర్సక్క

మా అమ్మమ్మ కూడా వెళ్లలేదు మాస్టారూ. మా చిన్న మావయ్య పుట్టాక ఎవరితోనూ మాట్లాడటం మానేసిందట. పెరట్లో బావి పక్కన కూర్చునేది పొద్దస్తమానం. గాలి సోకిందని వేపమండలతో కొట్టించారు. మా పెద్దమ్మకి అప్పుడు తొమ్మిదేళ్లు. బడి మానిపించి, అమ్మ బావి వైపు వంగకుండా చూడమని కాపలా పెట్టారు. అమ్మమ్మ గట్టెక్కింది నిజమే. పెద్దమ్మ మళ్లీ బడికి వెళ్లలేదు. కాన్పు తర్వాత అలా కుంగిపోవడం ఒక జబ్బని, నయమవుతుందని నేను నర్సింగ్ చదివితే తెలిసింది. అప్పటికి ఇద్దరూ లేరు.

లెక్కలమాస్టారు

తప్పుగా మాట్లాడాను తల్లీ. మా ఇంట్లో కూడా ఇలాంటిదొకటి ఉంది, ఇన్నాళ్లూ దాన్ని మొండితనం అనుకున్నాం. నంబరు రాసుకున్నాను.

కాఫీ_పొడి

చిన్న సలహా. నేను మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుని మ్యూట్ చేశాను. 83 మంది. పొద్దున్న లేవగానే 40 శుభోదయాలు, 6 గొడవలు. ఇప్పుడు రాత్రి ఒకసారి చూస్తాను. ఎవరూ అడగలేదు, ఏదీ ఆగలేదు.

సైకిల్_చక్రం

మా గ్రూపులో మ్యూట్ చేసినందుకు మా పెద్దత్త ఫోన్ చేసి అడిగింది. ఎలా తెలిసిందో ఇప్పటికీ అంతుపట్టలేదు.

గుంటూరు_టీచరమ్మ

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. ఒక్కొక్కటీ రెండేసి సార్లు చదివాను. గోదారి బాబాయ్ గారి పోస్టు మా అత్తగారికి చదివి వినిపిస్తే, ఆవిడ లేచి లోపలికెళ్లి మావయ్యగారి ఫొటో తుడిచి వచ్చారు.

కిరాణా కొట్టు అన్నయ్య గారి కాగితం సంగతి చదివి, అప్పుల్లాంటివి లేకపోయినా నేనూ ఒకటి రాశాను, రాత్రి తలలో తిరిగేవన్నీ. పదిహేడు వచ్చాయి. ఆ కాగితం మావారికిచ్చాను. ఆయన చదివి, పెన్ను తీసుకుని కింద ఇంకో తొమ్మిది రాశారు. ఆయనకీ నిద్ర పట్టడం లేదట. నేను పడుకున్నాననుకుని కదలకుండా గోడవైపు తిరిగి పడుకుంటున్నారట. ఇరవై ఏళ్ల కాపురం, ఇద్దరం పక్కపక్కనే నిద్ర నటిస్తున్నాం. ఆ రాత్రి లేచి ఒంటిగంటకి ఉప్మా చేసుకుని తిన్నాం.

నర్సక్కా, శనివారం పరీక్షలకి ఇస్తాను.

డాబా_తోట

ఒంటిగంట ఉప్మా! ఇంతమంచి సంగతి ఈ చర్చలో ఇంకోటి రాలేదు.

మిరప_రైతు

అక్కా, నేను కూడ మొత్తం చెప్పిన. ఆమె రెండు దినాలు మాట్లాడలే. మూడోనాడు పొద్దుగాల మా బామ్మర్దికి ఫోన్ చేసి పిలిపించింది. ముగ్గురం కూర్చున్నం. ఎకరం కౌలుకిచ్చి, మిగిలిన రెండెకరాల్ల మిర్చి తగ్గించి మొక్కజొన్న పెడదామని అనుకుంటున్నం. అప్పు తీరలే, కానీ లెక్క ఇప్పుడు ముగ్గురి తలలల్ల ఉంది.

కిరాణా_కొట్టు

చాలా సంతోషం తమ్ముడూ. వడ్డీ ఎక్కువున్నది ముందు మూసెయ్యి. బంధువుల బాకీ అయినా సరే, మొహమాటపడకు.

గుంటూరు_టీచరమ్మ

రిపోర్టులు వచ్చాయి. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 11 ఉంది, నాలుగు చిల్లర దాటకూడదట. అది పెరిగిందంటే థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నట్టట. హిమోగ్లోబిన్ 9.6. డాక్టరుగారు థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర రాశారు. రెండింటికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలన్నారు. ఇంత కాలం నన్ను నేను తిట్టుకున్నాను, అన్నీ ఉండి ఏడుస్తున్నానని.

నర్సక్కా, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. మీరు రాయకపోతే నేను ఇంకో గుడి వెతుక్కునేదాన్ని.

ఇంకో సంగతి. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని, కనీసం అరగంట దాకా కాఫీ తాగకూడదట. పొద్దున్న ఐదింటికి కాఫీ లేకుండా వంటింట్లోకి వెళ్తే నాకేమీ తోచదు. మొదటి రోజు ఊరికే వీధి మెట్ల మీద కూర్చున్నాను. పాలబ్బాయి సైకిల్ తప్ప చప్పుడు లేదు. ఎదురింటి వేపచెట్టు మీద ఏవో పిట్టలు. రెండో రోజు కూర్చున్నాను. నాలుగో రోజు చీపురు తెచ్చి వాకిలి ఊడ్చి నీళ్లు చల్లాను. అత్తగారు లోపల్నుంచి ముగ్గు డబ్బా తెచ్చి ఇచ్చారు, అడక్కుండానే.

నర్సక్క

మాత్ర మీ అంతట మీరు ఆపకండి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ పరీక్ష ఉంటుంది. నిద్ర, మనసు కుదుటపడటానికి కొన్ని వారాలు పడుతుంది, తొందరపడి దిగులుపడొద్దు. అప్పటికీ బరువు అలాగే ఉంటే 14416 గుర్తుంది కదా.

నాలుగింటి_గంట

మీ మెట్ల మీది అరగంట చదివాక పది రోజుల శిబిరం మాట మళ్లీ ఎత్తను. బాబు పరీక్షలయ్యాక ఎప్పుడైనా వెళ్లాలనిపిస్తే అప్పుడు చూద్దాం.

గోదారి_గట్టు

పిట్టలేమిటో చూసి చెప్పమ్మా. మా రేవులో గోరింకలు ఎక్కువ.

గుంటూరు_టీచరమ్మ

గోరింకలే బాబాయ్ గారూ, రెండు జతలు.

ఇవాళ ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకు సందు చుక్క పెట్టి మెలికల ముగ్గు వేశాను. ఎడమ పక్కన ఒకచోట గీత కలవడం లేదు, రెండుసార్లు చెరిపాను. చుక్కలముగ్గు గారూ, చుక్కలు లెక్క సరిగ్గానే ఉన్నాయి మరి, ఎక్కడ తప్పాను?

చుక్కలముగ్గు

మూలల్లో చుక్కని బయట నుంచి చుట్టారా, లోపల నుంచి వచ్చారా? ఫొటో తీసి పెట్టండి, చెరపొద్దు.